రుఫీనా పెద్దమ్మ అసలు పద్ధతి

మా రుఫీనా పెద్దమ్మ ఏ వంటా ఇద్దరికి ఒకేలా చెప్పిన పాపాన పోలేదు. ఉడికిన బంగాళాదుంపల మీద పోసే హువాన్‌కాయీనా అనే చీజు, మిరపకాయల ముద్ద మా హువాన్‌కాయో ఊరంతటా ఒకటే. ఆవిడ దగ్గర మాత్రం అడిగినవాళ్ళకొకటి. పైగా ప్రతిదానికీ "ఇదే అసలు పద్ధతి, ఎవరికీ చెప్పకు" అని ఒట్టు వేయించుకునేది.

ఒట్టు నిలబెట్టుకునే ఊరైతే గొడవే లేదు. ఒకరోజు సంతలో పక్కింటి తెయోదోసియా, అసలు హువాన్‌కాయీనాలో చీజే ఉండదు, వేరుశనగపప్పు వేస్తారంది. చీజు సంగతి సరే, మిరపకాయ వేస్తే ఆ ముద్ద దండగ, రంగుకి క్యారెట్ చాలన్నాడు అకిలీనో మామ. నెల్బా టీచర్ వాళ్ళిద్దరినీ జాలిగా చూసి, మన ముత్తాతల కాలం నుంచీ దాన్ని మిక్సీలోనే వేస్తున్నారని తేల్చింది. ముగ్గురూ పోట్లాడుకుంటూ పెద్దమ్మ గుమ్మంలోకి వచ్చారు. ఆవిడ ముగ్గురూ చెప్పింది నిజమేనని చెప్పి తలుపు వేసుకుంది.

నాకు ఒకటే అయోమయం. నా పెళ్ళి ఆ ముద్ద మీదే ఆధారపడి ఉంది మరి. సోసిమోని నేను చేసుకోవాలంటే వాళ్ళమ్మ ఎదెల్మీరా గారు ఒప్పుకోవాలి. ఆవిడ ఆదివారం వాళ్ళ ఊరు హౌహా నుంచి నా చేతివంట తినడానికి వస్తున్నారు. అంతకుముందు ఇద్దరమ్మాయిల వంట తిని ఇద్దరినీ వద్దన్న మనిషి.

పెద్దమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆవిడ వణుకుతున్న నా చేతులు చూసింది.

"ఏమే, ఆవిడంటే అంత భయమా?"

"భయం సంగతి తర్వాత. ముద్దలో ఏం వేయాలో చెప్పు పెద్దమ్మా."

"చీజు, పసుపురంగు మిరపకాయలు, పాలు, నూనె, నాలుగు చప్పటి బిస్కెట్లు. అదెవరైనా చెప్తారు. ఒక్కదానివే నూరావో, విరిగిపోతుంది. ఒకే సన్నికల్లు మీద రెండిళ్ళ ఆడవాళ్ళు నూరాలి. ఇదే అసలు పద్ధతి, ఎవరికీ చెప్పకు."

పుట్టి బుద్ధెరిగి ఇలాంటిది వినలేదు. ఈవిడకి మతి పోయిందనుకున్నాను.

ఆదివారం ఎదెల్మీరా గారు వచ్చి, శాలువా కూడా తీయకుండా వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. ముద్ద ఇద్దరం కలిసి నూరాలట అని చెప్పాను. మా హౌహాలో ఇలాంటి వింతలు లేవు అంటూనే చేతులు కడుక్కుని సన్నికల్లు దగ్గర కూర్చున్నారు. కాసేపు నేను, కాసేపు ఆవిడ. నూనె గబగబా పోస్తున్నానని రెండుసార్లు మందలించి, మూడోసారి ఎలా పోయాలో నేర్పారు. పెళ్ళైన కొత్తలో తన వంటని అత్తగారు కుక్కకి పెట్టిందని చెప్పి నవ్వారు. నా చేతుల వణుకు ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

అప్పుడు వెలిగింది నాకు. తెయోదోసియా మొగుడు నడిపే బస్సు ఆ ఏడంతా షెడ్డులోనే ఉంది, ఆ ఇంట్లో చీజెక్కడిది? అకిలీనో మామకి కడుపులో పుండు. నెల్బా టీచర్‌కి భుజం పట్టేసి చెయ్యి లేవదు. నీకు కుదరదులే అని పెద్దమ్మ ఎవరితోనూ అనలేదు. మతి పోయిందనుకున్నందుకు సిగ్గేసింది, ఆవిడ మీద బోలెడు ప్రేమా పుట్టుకొచ్చింది.

భోజనాల దగ్గర సోసిమో మొదటి దుంప నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కబుర్లలో పడి మేము ఉప్పు వేయడమే మరిచిపోయాం. దుంపలకీ లేదు, ముద్దకీ లేదు.

"అమ్మా, ఇందులో ఉప్పు..." అన్నాడు.

ఎదెల్మీరా గారు ఇంకో రెండు దుంపలు వడ్డించుకున్నారు.

"మేమిద్దరం చేశాం. నోర్మూసుకుని తిను."