గని మూసేస్తారట

నేను పనిచేసిన భూగర్భ బొగ్గు గనిలో లాంపు రూం కిటికీ దగ్గర ఆగకుండా ఎవరూ లోపలికి దిగలేరు. టోపీకి పెట్టుకునే దీపం అక్కడే తీసుకోవాలి. ఆ కిటికీ వెనక కూర్చునే నాకు అందరి మాటలూ చెవిన పడేవి. ఆ ఎండాకాలం ఎవరి నోట విన్నా ఒకటే: గని మూసేస్తారట, అందరినీ ఎక్కడో దూరాన మణుగూరు గనులకు పంపిస్తారట.

అందరికన్నా ఎక్కువ కుంగిపోయింది మా పంపు ఆపరేటర్. గనిలో ఊరే నీటిని బయటికి తోడే పని ఆయనది. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఒకరోజు దీపం తీసుకోకుండానే దిగబోతుంటే కేకేసి ఆపాను. మర్నాడు ఆయన భార్య కిటికీ దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, మీ అన్న అన్నం ముడ్తలేడు. దవాఖానల బీపీ బాగ పెరిగిందన్నరు. గీ మూసుడు ముచ్చట నిజమేనా?"

"నాకూ తెల్వదక్కా. అడిగి చెప్త."

అడగడం మొదలుపెట్టాక నాకు ఆగబుద్ధి కాలేదు. ఈ మాట ఎక్కడ పుట్టింది? అన్న క్యాంటీన్లో విన్నాడట. క్యాంటీన్ వంటమనిషికి బస్సు డ్రైవర్ చెప్పాడట. డ్రైవర్ ఒట్టేసి మరీ చెప్పాడు: "నా కండ్లతోని చూసిన. ఇద్దరు కొత్తోళ్లు టేపు పట్టి ఆఫీసు గోడలన్నీ కొలుస్తున్రు. మూసెయ్యకపోతే కొలుసుడెందుకు?"

గుమాస్తాను అడిగితే, వాళ్లు కూలర్లు బిగించడానికి వచ్చినవాళ్లని తేలింది.

మరి మణుగూరు మాట ఎక్కడిది? ధైర్యం చేసి మేనేజర్ గదిలోకి వెళ్లాను. ఆయన తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "కార్మికులు ఏమనుకుంటున్నారయ్యా? నాకు పైనుంచి ఒక్క ముక్క చెప్పలేదు. పిల్లల్ని ఏ బడిలో వేయాలని ఇంట్లో రోజూ అడుగుతున్నారు," అన్నాడు.

షిఫ్టు అయి పైకొచ్చిన అన్నకు అదే చెప్పాను. నమ్మలేనట్టు చూశాడు.

"సార్‌కే తెల్వదా?"

"తెల్వదన్నా. ఉల్టా నన్నే అడుగుతున్నడు."

చాలా రోజులకు నవ్వాడు. "గట్లయితే నేనొక్కన్నే కాదన్నట్టు," అంటూ నా టిఫిన్ డబ్బా లాక్కుని, మిగిలిన రొట్టె తినేశాడు.

వానలు మొదలయ్యాక ఉత్తర్వు వచ్చింది. గని మూతపడలేదు. గనిలో ఒక వైపు పని మాత్రం ఆపి, కొందరిని దగ్గర్లో నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుకు మార్చారు. నీళ్లు తోడక తప్పదు కనుక అన్న పాత గనిలోనే ఉన్నాడు. మారినవాళ్లలో నేనున్నాను. మొదటిరోజు ఆ పెద్ద గుంత అంచున నిలబడి, లోతున ఎండలో మెరుస్తున్న నల్లటి పొరను చూశాను. కిటికీ వెనకే గడిచిన ఇన్నేళ్ల ఉద్యోగంలో, నేలలో బొగ్గు ఎలా ఉంటుందో నేను చూడటం అదే మొదలు. వెనక డంపర్ హారన్ కొట్టేదాకా పక్కకు జరగలేదు.