దస్తగిరి కుడిచెయ్యి

మా ఊళ్ళో మనిషి పోయాకే అతని గురించి నాలుగు మంచి మాటలు చెబుతారు. నేను మాత్రం దస్తగిరి బతికుండగానే అతని గురించి రాస్తున్నాను. నా తొందరకు కారణముంది.

ముందు నా సంగతి చెప్పాలి. చీపురుపల్లి దగ్గర పల్లెలో, బోర్డు స్కూల్లో ఎనిమిదో తరగతి దాకా చదివాను. అన్ని తరగతుల్లోనూ నేనే ఫస్టు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కలాసీగా చేరి చార్జ్‌మన్‌గా రిటైరయ్యాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఒక్క మెమో లేదు. ఇరుసుకు పగులొస్తే సుత్తి మోతను బట్టి పట్టేసేవాణ్ణి. అందుకు జనరల్ మేనేజరు స్వయంగా చేతికి వాచీ పెట్టాడు. దేముడుబాబు చెప్పాడంటే మళ్ళీ చూడక్కర్లేదని షాపులో అనుకునేవారు. మిగతా చోట్ల కూడా అలాగే అనుకోవాలని నాకుండేది.

2006 ఆషాఢంలో మా కొత్త ఫ్లాటు తాళంచెవి చేతికొచ్చింది. మౌలాలిలో నేను కట్టుకున్న ఇంటిని పడగొట్టి బిల్డరు లేపిన అపార్ట్‌మెంట్లో అది మా వాటా. సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళ పుణ్యమాని అద్దెలు మండిపోతున్న రోజులవి. మేముంటున్న అద్దె ఇంటాయనకు రెట్టింపు ఇచ్చేవాళ్ళు దొరికారు. వెంటనే ఖాళీ చెయ్యమన్నాడు. ఆషాఢంలో గృహప్రవేశమేమిటని మా ఆవిడ గవరమ్మ కొత్త గడప తొక్కనివ్వలేదు. శ్రావణానికి ఇంకా పదహారు రోజులున్నాయి. మాతో మా కుక్క గార్డు ఒకటి. కుక్కతో సహా ఎవరింట్లో దిగుతాం?

మా అల్లుడు కంప్యూటర్లో వెతికి తిరుమలగిరిలో ఒక హోటలు పట్టాడు. కుక్కలనూ పిల్లులనూ రానిచ్చే హోటలు. పాత దొరల బంగళా, ఎనిమిది గదులు. యజమానురాలు ఆలిస్, ముప్ఫై దాటిన పిల్ల. కంపెనీ ఉద్యోగం వదిలేసి తాతగారి బంగళాను ఇలా మార్చింది. అక్కడ ప్లాస్టిక్ సీసా కంటికి కనపడదు. మంచినీళ్ళు మట్టి కూజాలో పెడతారు. స్నానం నీళ్ళు అరటి మొక్కలకు పోతాయి, వాన నీళ్ళు ఇంకుడు గుంతలోకి. తలంటుకు కుంకుడు రసం. కుక్కలకు రిజిస్టర్లో పేరు రాసి, గదిలో చాప వేసి, నీళ్ళకు మూకుడు పెడతారు.

"ఏటండీ ఇది? మాయమ్మ ఊరికినే సేసినదానికి ఈలు డబ్బులు తీసుకుంతన్నారా?" అంది గవరమ్మ.

"దీన్ని పర్యావరణం అంటారు" అన్నాను.

"అలగైతే మాయమ్మ పెద్ద పర్యావరణమే."

గార్డును మా చేతిలోంచి అందుకున్నవాడు దస్తగిరి. అరవై దగ్గర పడిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటాడు. జనగామ పక్క పల్లె వాళ్ళది. తండ్రి గుర్రాలకు నాడాలు కొట్టేవాడు. పన్నెండేళ్ళప్పుడు తండ్రితో సికింద్రాబాద్ వచ్చి టాంగా గుర్రాలకు దాణా పెట్టాడు. టాంగాలు పోయాక ఆర్మీ ఆఫీసర్ల గుర్రాలు చూశాడు. ఆ తర్వాత వాళ్ళ బంగళాల్లో కుక్కలు. ఆలిస్‌ను చిన్నప్పుడు పొట్టిగుర్రం మీద కూర్చోబెట్టి తిప్పింది ఇతనే. ఆమె ఇతన్ని చాచా అంటుంది, ఇతను ఆమెను బేటీ అంటాడు. గార్డు కొత్తవాళ్ళను దగ్గరికి రానివ్వదు. దస్తగిరి కుడిచెయ్యి దాని ముక్కు ముందు కాసేపు ఆడించకుండా ఉంచాడు. అంతే, అతని కాళ్ళ దగ్గర పడుకుంది.

"నలభై ఏండ్లల్ల నన్ను ఒక్క జానవర్ సుత కరవలె సార్" అన్నాడు.

ఈ మాట చెప్పేటప్పుడు అతని మొహం చూసి, ఇతనూ నాలాంటివాడేనని సంబరపడ్డాను. ఆ సాయంత్రం వరండాలో కూర్చుని నా ఇరుసుల కథ, వాచీ కథ చెప్పాను. మా నాన్న కుక్కకాటుకు పసరు పోసేవాడని కూడా చెప్పాను. చుట్టుపక్కల పదిహేను ఊళ్ళ జనం ఆదివారం ఆదివారం మా వాకిట్లో బారులు తీరేవారు. ఆ పసరు తాగి చచ్చినవాడు ఒక్కడూ లేడన్నాను. దస్తగిరి కళ్ళు పెద్దవి చేసి విన్నాడు.

నాలుగో రోజు సూరి అనే కుర్రాడు భార్యతో, పెద్ద గోధుమరంగు కుక్కతో దిగాడు. బెంగుళూరుకు బదిలీ, సామాన్లు లారీ ఎక్కించేశారు, మర్నాడు కార్లో ప్రయాణం. కుక్క గదిలోకి పోయి మంచం కిందకు దూరింది. బయటకు రాలేదు, మొరగలేదు. గార్డు ఆ గది ముందు నుంచి నడవనని మొండికేస్తే తోటలోంచి చుట్టూ తిప్పి తెచ్చాను.

తెల్లారి ముసురు పట్టింది. సూరి కుక్కను వరండాలోకి తెచ్చాడు. దాని కింది దవడ వేలాడిపోతోంది. చొంగ తీగలు తీగలుగా కారుతోంది. మింగబోతుంది, మింగలేకపోతుంది.

"గొంతులో ఏదో ఇరుక్కుంది అంకుల్. మొన్న చికెన్ బోన్ తిన్నాడు" అన్నాడు సూరి.

దస్తగిరి దూరంగా నిలబడి చూస్తున్నాడు. ఎప్పుడూ జంతువు దగ్గరికి ముందు తనే వెళ్ళేవాడు. "జెర ఆగుదాం సార్. దీని సూపు మంచిగ లేదు" అన్నాడు.

ఆగనివ్వనిది నేను. "చూపేమిటి దస్తగిరీ! ఎముకే. నా పదిహేనో ఏట మా దూడ గొంతులోంచి తాటిటెంక తీశాను ఈ చేత్తో. నువ్వు పెట్టకపోతే నేను పెడతాను" అన్నాను.

ఆ మాటతో అతను చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎడంచేత్తో దవడ పట్టుకుని కుడిచెయ్యి గొంతులోకి పోనిచ్చాడు. మోచెయ్యి దాకా చొంగ. లోపలంతా తడిమాడు. "ఏం లేదు సార్" అంటూ తీసేటప్పుడు కోరపన్ను రెండు వేళ్ళ మీద గీసుకుంది. పంచెతో తుడుచుకున్నాడు. మధ్యాహ్నానికి సూరి వాళ్ళు వెళ్ళిపోయారు.

సాయంత్రం దస్తగిరి గది ఊడ్చి వచ్చి, "పెట్టిన నీళ్ళు పెట్టినట్టే ఉన్నయి సార్. మూకుడు నిండ" అన్నాడు.

పిచ్చికుక్క నీళ్ళు ముట్టదని మా నాన్న నోట చిన్నప్పుడే విన్నాను. పైకి మాత్రం, "ప్రయాణం బడలిక" అన్నాను.

మరుసటి రోజు అడిగాను, కుక్క కరిచిందని ఆలిస్‌తో చెప్పావా అని. ఎన్నడూ లేనిది కోపంగా చూశాడు. "కరిసిందని ఎవడన్నడు సార్? పన్ను గీసుకున్నది గంతే. నన్ను కుక్క కరవదు."

పెంపుడు కుక్క కరిస్తే పది రోజులు ఆ కుక్కను చూడమంటారు. అది బాగుంటే మనిషీ బాగుంటాడు. ఇక్కడ చూడటానికి కుక్క లేదు. ఎక్కడో బెంగుళూరులో ఉంది. ఫోను నంబరు రిజిస్టర్లోనే ఉంది. అయినా నేను చెయ్యలేదు. ఆ మాట కూడా దాచుకోకుండా రాస్తున్నాను. అది చచ్చిందని వినాల్సొస్తే, చెయ్యి పెట్టించింది ఎవరని ఎవరైనా అడుగుతారు కదా. పొద్దున్నే వరండాలోకొచ్చి దస్తగిరి చేతిని చూసేవాణ్ణి. గీతలు ఎండి పెచ్చు కట్టాయి. మానిపోయిందని అతను నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. గవరమ్మ వడ్డించిన అన్నం నేను సగం వదిలేస్తుంటే, అతను చెయ్యి పెట్టిన ఎనిమిదో రోజున ఆమె కంచం ముందునుంచి లేవనివ్వలేదు.

"ఏటయ్యిందో సెప్పండి."

చెప్పాను. ఆమె లేచి రిజిస్టరు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

సూరి ఫోనెత్తాడు. "బ్రూనో పోయాడు అంకుల్. వచ్చిన మూడో రోజే. రేబిస్ అని డాక్టర్ అన్నాడు. నెలన్నర కిందట బోయిన్‌పల్లిలో వాకింగ్‌కి తీసుకెళ్తే వీధికుక్క కరిచిందిలెండి, చిన్నదే కదా అనుకున్నాం. నేనూ నా వైఫూ ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాం."

"మరి దస్తగిరికి ఎందుకు చెప్పలేదు బాబూ?"

"ఎవరు అంకుల్?" అన్నాడు. అంతలోనే తనకే గుర్తొచ్చింది. "అయ్యో. ఆ పెద్దాయన చెయ్యి పెట్టాడు కదా."

అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. అతను మరిచిపోయాడు. నేను మరిచిపోకుండానే ఎనిమిది రోజులు కూర్చున్నాను.

దస్తగిరి అరటి మొక్కల దగ్గర కాలువ సరిచేస్తున్నాడు. విషయం చెప్పాను. పార కింద పెట్టలేదు.

"చచ్చిందా? పాపం" అన్నాడు. "నాకేం గాదు సార్."

"సూదులు వేయించుకోవాలి. ఇప్పుడే, బయల్దేరు."

"సూదులా! బొడ్డు సుట్టు పద్నాలుగు. మా మామకు ఏసిన్రు, పొట్టంత గడ్డలు గట్టె. నాకొద్దు." మళ్ళీ తనే మొహం వెలిగించుకుని, "మీ నాయన పసరు ఉన్నది గద సార్! గది చేసియ్యున్రి. ఆకు పేరు చెప్తే బొల్లారం దిక్కు పోయి నేనే తెస్త" అన్నాడు.

వెనకాలే వచ్చిన గవరమ్మ నా వైపు ఆశగా చూసింది. "మీకు తెల్సుగదా ఆ ఆకు. మా మావగారి పసరుకి నయం కానోడు నేడని మీరే అంటారు."

ఆకు తెలుసు. నూరడమూ తెలుసు. నూరి ఇస్తే ఇద్దరికీ మనశ్శాంతి, నా మాటా నిలుస్తుంది. అతను ఏ నెలకో మంచం పడితే, పథ్యం తప్పాడని చెప్పొచ్చు. మా నాన్న అలాగే చెప్పాడు.

తడి గట్టు మీద కూలబడి, యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది చెప్పాను.

"నాకు పన్నెండేళ్ళు. మా వీధిలో బుచ్చమ్మ కొడుకు అమ్మిరాజును పిచ్చికుక్క కరిచింది. ఆ పసరు నేనే నూరాను, మా నాన్న పోశాడు. నలభై రోజులు పథ్యం. మా పక్కిల్లే కాబట్టి వాడు ఏం తిన్నాడో నాకు తెలుసు. చారన్నం తప్ప ముట్టలేదు. ముప్ఫయ్యో రోజున బావి దగ్గర చేద చప్పుడుకే ఒణికిపోయాడు. తర్వాత పశువుల శాలలో పెట్టి తలుపేశారు. వాళ్ళమ్మ బయట నీళ్ళ చెంబు పట్టుకుని కూర్చునేది. నీళ్ళు చూపిస్తే వాడు అరిచేవాడు. మూడు రోజులకు పోయాడు. వంకాయ తిన్నాడు, పథ్యం చెడింది అని మా నాన్న ఊరికి చెప్పాడు. ఊరు నమ్మింది. బుచ్చమ్మ కూడా నమ్మి, వంకాయ ఎవరు పెట్టారని కోడలిని కొట్టింది. ఆ పసరుకు బతికినవాళ్ళందరినీ కరిచినవి మామూలు కుక్కలు, దస్తగిరీ. పిచ్చికుక్క కరిచినవాడు మాకు తెలిసి ఒక్కడే. వాడు బతకలేదు."

గవరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమెకూ ఇది తెలియదు. ఆమె కూడా ఈ పసరు గొప్ప ఎందరికో చెప్పింది.

దస్తగిరి పార మీద ఆనుకుని నన్నే చూశాడు. వాన తుంపర అతని గడ్డం మీద నిలబడింది.

"వచ్చి పన్నెండు దినాలాయె" అన్నాడు చివరికి. "ఇన్ని దినాలల్ల మీరు ఓడిన ముచ్చట ఒక్కటి సుత చెప్పలె సార్. గిది చెప్పిన్రంటే ఇగ అబద్దం గాదు." పార పక్కన పెట్టాడు. "నడువున్రి. గని బేటీకి చెప్పొద్దు. ఈ ముచ్చట బయటికి పోతే హోటల్ బందు పెడ్తరు."

ఆలిస్‌కు నేనే చెప్పాను. ఆ పిల్ల చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు, కారు తీసింది. "హోటల్ పోతే పోనీ చాచా, మళ్ళీ జాబ్ చేసుకుంటా. నువ్వు పోతే ఎట్లా?" అని దారంతా తిడుతూ నడిపింది. ముసలాయన వెనక సీట్లో కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు చూస్తూ కూర్చున్నాడు.

సూదులు ఇప్పుడు బొడ్డు చుట్టూ కాదట, జబ్బకు అయిదు. గీతల చుట్టూ మాత్రం ఒక మందు పొడిచారు. దానికి దస్తగిరి పళ్ళు బిగించాడు. డాక్టరమ్మ చీటీ మీద రాస్తూ అడిగింది, "కుక్క కరిచి ఎన్ని రోజులైంది?"

అతను నా వైపు చూశాడు. తర్వాత తల వంచుకుని, "ఎనిమిది దినాలైంది అమ్మా, కరిసి" అన్నాడు. నలభై ఏళ్ళ పేరు ఆ గదిలో అలా పోయింది. నా పేరు అంతకు ముందే తోటలో పోయింది.

"ఆలస్యమైంది. అయినా చాలామందికి పనిచేస్తుంది. ఒక్క సూది కూడా మానొద్దు" అంది ఆమె. నన్ను పక్కకు పిలిచి చెప్పింది: ఈ జబ్బు బయటపడితే మందు లేదు. మామూలుగా మూడు నెలల్లోపు బయటపడుతుంది, ఒక్కోసారి ఏడాది పడుతుంది. చేతిలో తిమ్మిరి వచ్చినా, నీళ్ళు మింగలేకపోయినా వెంటనే తీసుకురండి.

అయిదు సూదులూ పడ్డాయి, ప్రతిసారీ నేను పక్కనున్నాను. శ్రావణంలో కొత్త ఫ్లాటులో పాలు పొంగించాం. బంధువులు ఇల్లు చూసి మెచ్చుకుంటుంటే నా మనసు తిరుమలగిరిలో ఉంది. హోటలు నడుస్తోంది. టీకా చీటీ చూపనిదే ఏ కుక్కనూ గేటు దాటనివ్వద్దని ఆలిస్ రూలు పెట్టింది, ఆ పని దస్తగిరికే అప్పగించింది. అతను చీటీ కూడబలుక్కుని చదువుతాడు. కుక్క ముక్కు ముందు మునుపటిలా చెయ్యి ఉంచుతాడు, కాకపోతే ఇప్పుడు ఎడంచెయ్యి.

ఇవాళ్టికి ఆరు నెలలు. మూడు నెలల గండం గడిచింది. ఏడాది గడవలేదు. ప్రతి ఆదివారం గార్డును తీసుకుని వెళతాను. ఏదో ఒకటి మాట్లాడుతూ అతను తాగేది చూస్తాను. అతనికి ఆ సంగతి తెలుసు. తెలిసినా ఏమీ అనడు, నా ఎదురుగానే తాగుతాడు.

మొన్న ఆదివారం అతని భార్య అమీనా టీ తెచ్చి ఇచ్చింది. ఒక గుక్క నోట్లో పోసుకుని, మొహం అదోలా పెట్టి, గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. నేను గబుక్కున లేచాను.

"ఏమైంది?"

"కాలుతున్నది సార్."

చెయ్యి చాచి గ్లాసు పట్టుకుని చూశాను. నిజంగానే వేడిగా ఉంది, వేళ్ళు కాలాయి. గ్లాసు వదిలి అక్కడే నిలబడ్డాను. ఆవిరి తగ్గింది. టీ మీద మీగడ కట్టింది. దస్తగిరి గ్లాసు తీసి, ఆ మీగడను వేలితో పక్కకు నెట్టి, నా కళ్ళలోకి చూస్తూ అడుగుదాకా తాగాడు.