రాహేలు అంటే గొర్రె

మొన్న మేముండే లోవర్ హట్‌లో పంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, రిసెప్షన్‌లో కొత్తగా చేరినావిడ నవ్వుతూ పలకరించింది. చొక్కా మీద బిళ్ళ చూస్తే రేచెల్. ఏభై ఏళ్ళుంటాయి. ఉండవూ మరి. ఈ దేశంలో నాకు తగిలిన రేచెల్‌లందరూ ఆ ఈడువాళ్ళే. నా మొదటి ఉద్యోగంలో మేనేజరు రేచెల్, బ్యాంకులో ఇంటి లోను ఇప్పించింది రేచెల్, పొద్దున్నే మా వీధిలో కుక్కని తిప్పే ఆవిడ రేచెల్. ఒకప్పుడు పుట్టిన ఆడపిల్లకల్లా అదే పేరు పెట్టేసి, తర్వాత మొహం మొత్తినట్టు అందరూ ఒక్కసారే మానేశారు కాబోలు. పంటినొప్పి సంగతి మరిచిపోయి మా పెద్దమ్మని తలుచుకుంటూ కూర్చుండిపోయాను. ఆవిడదీ అదే పేరు. మా గుంటూరు వైపు క్రైస్తవుల ఇళ్ళలో పలికే తీరులో రాహేలు.

నన్ను కంటూనే మా అమ్మ పోయింది. పెంచింది పెద్దమ్మే. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు; పిల్లల్లేరు, పెదనాన్న కూడా తొందరగానే పోయాడు. కొబ్బరినూనె, సుద్దముక్క కలిసిన వాసన ఆవిడది. చిన్నప్పుడు అమ్మా అని పిలవబోతే, "ఆ చోటు మా చెల్లెలిది, నాకొద్దు" అని పెద్దమ్మా అనే పిలిపించుకుంది. ఎవరన్నా గొంతు పెంచితే తను తగ్గించేది, దానికే అందరూ హడలిపోయేవాళ్ళు. తన పేరంటే మాత్రం మహా గర్వం. అది హీబ్రూ పేరనీ, దొరలు రేచెల్ అని నోరు తిప్పారు గానీ అసలు పలుకుబడికి దగ్గరిది మనదేననీ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నిజమేనట, తర్వాత కనుక్కున్నాను. వేల ఏళ్ళ కిందట ఎక్కడో ఎడారి దేశంలో పుట్టి, దేశాలన్నీ తిరిగి, బాప్తిస్మం రోజున మా పెద్దమ్మ వాళ్ళ నాయనమ్మ దగ్గరికొచ్చిందా పేరు. దాని అర్థం ఏమిటో మాత్రం ఎవరికీ తెలీదు. మా ఇళ్ళలో పేరుకి అర్థం వెతికే అలవాటు లేదు, పెద్దవాళ్ళది అయితే చాలు. మా అమ్మాయికి ఆడపిల్ల పుడితే ఆ పేరు పెట్టాలని పెద్దమ్మ కోరిక. లేకపోతే తనతోనే ఆగిపోతుంది కదా.

కొన్నేళ్ళ కిందట, అమ్మాయికి నెలలు నిండుతున్నాయని పెద్దమ్మ ఇండియా నుంచి మా దగ్గరికొచ్చింది. ఇక్కడ స్కానింగులో ముందే చెప్పేస్తారు, ఆడపిల్లేనన్నారు. ఆ ఆదివారం భోజనాల దగ్గర నేనే కదిపాను, పేరు సంగతి.

"అమ్మా, రేచెల్ అంటే మా టీచర్ల పేరు. ఇప్పుడు బేబీస్‌కి ఎవ్వరూ పెట్టట్లేదు. పైగా మీనింగ్ చూశావా? ఆడగొర్రె" అంది మా అమ్మాయి ఫోను చూపిస్తూ.

పప్పన్నం కలుపుతున్న పెద్దమ్మ చెయ్యి ఆగింది. మనవైపు గొర్రె అంటే ఏమిటో తెలిసిందే. బుర్ర లేకుండా తలాడించేవాళ్ళనే అంటాం ఆ మాట. బళ్ళో తనే ఎంతమందిని తిట్టి ఉంటుందో. మా అల్లుడు కివీ, అంటే ఈ దేశపువాడే. వాళ్ళ నాన్న కొండ అవతల వైరారపలో గొర్రెల్నే పెంచుతాడు, కాబట్టి అతనికి అందులో తప్పేం కనబడలేదు. మంచి గొర్రె దొరకడం ఎంత కష్టమో చెప్పబోయి, మా అమ్మాయి చూసిన చూపుకి మళ్ళీ ప్లేటులోకి తలదించుకున్నాడు.

"నీ బిడ్డ, నీ ఇష్టం తల్లీ. నేనేం అనుకోను" అంది పెద్దమ్మ గొంతు బాగా తగ్గించి. అనుకుంటోందని నాకు అర్థమైంది. ఆ వారమంతా మా అమ్మాయి మీద నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

ఇక్కడ చలికాలం ముగిసే ఆగస్టు చివర గొర్రెలు ఈనే కాలం. వియ్యంకులు భోజనానికి పిలిస్తే అందరం వెళ్ళాం. సన్నగా వాన, ఎముకలు కొరికే చలి. షెడ్డులో ఒక గొర్రెకి పిల్ల చచ్చి పుట్టిందట. ఇంకో గొర్రె ఈని చచ్చిపోయి, దాని పిల్ల మిగిలింది. వియ్యంకుడు చచ్చిన పిల్ల తోలు ఒలిచి ఈ పిల్లకి చొక్కాలా తొడిగి దడిలో వదిలాడు. వాసన చూసి పిల్ల పోయిన ఆ గొర్రె తన పిల్లే అనుకుంటుందట. గొర్రె వాసన చూసింది, తలతో ఒక్క తోపు తోసింది. పిల్ల లేచి మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తోసింది. మా అమ్మాయి పొట్ట మీద చెయ్యేసుకుని "అయ్యో, ఎందుకలా" అంది.

"తొయ్యదా మరి. మీ అమ్మని నేనూ తోశాను" అంది పెద్దమ్మ, దడి మీంచి చెయ్యి తియ్యకుండా.

నా జన్మలో ఆ మాట వినలేదు నేను.

"నా చెల్లెల్ని మింగి పుట్టింది, నా కళ్ళకి చూపించొద్దన్నాను. వారం రోజులు ముట్టుకోలేదు. పక్కింటావిడ పాలు పట్టేది. ఒకరోజు ఆవిడ రాలేదు. ఇది ఏడ్చి ఏడ్చి, నా కొంగు చేతికి దొరికితే నోట్లో పెట్టుకుని చీకింది. ఇంకేం చేస్తాను, ఎత్తుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. కోపం మాత్రం రాలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ ప్రేమ నాకు ఊరికే వచ్చిందనుకున్నాను. అంత దుఃఖాన్ని పక్కకి నెట్టి నన్నెత్తుకుందని తెలిశాక ఆవిడ మీద ఇష్టం రెట్టింపయింది. చాలాసేపటికి గొర్రె తొయ్యడం మానేసి నిలబడింది. పిల్ల పొదుగు కిందికి దూరి తోకాడిస్తూ తాగింది. తెలుగు ముక్క అర్థం కాని మా వియ్యంకుడు మా మొహాలు చూసి, మెల్లిగా టీ పెట్టడానికి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు కొండ మలుపుల్లో, కారులో మా అమ్మాయి అంది. "అమ్మమ్మా, నీ పేరే పెడతాను. రేచెల్ కాదు, నీదే."

"గొర్రె అని ఏడిపిస్తారే పిల్లలు."

"అవును గొర్రేనని చెప్తుంది."

పెద్దమ్మ కిటికీ వైపు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

బిడ్డ పుట్టాక ఆసుపత్రిలో పెద్దమ్మే ముందు ఎత్తుకుంది. చెవి దగ్గరికి వంగి "రాహేలూ" అని పిలిచింది. ఆ పేరుతో ఇంకొకరిని పిలవడం ఆవిడకి అదే మొదటిసారి. పిలిచి, తనే కాస్త సిగ్గుపడింది. తర్వాత ఇండియా వెళ్ళింది, ఏడాది తిరక్కుండా పోయింది. మనిషి పోయాక పేరు మెల్లిగా వాడుక తప్పుతుంది, కాలం చేసే పని అదే. మా ఇంట్లో మాత్రం అన్నానికి రమ్మనీ, బూట్లు వేసుకోమనీ, గోడల మీద గియ్యొద్దనీ, పొద్దున లేచింది మొదలు ఎవరో ఒకరం ఆ పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాం.