కోరం లేని శుక్రవారం

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, వానాకాలం మొదట్లో, ముంబయి పక్కనున్న భివండికి చెందిన ఒక ప్రైవేటు కంపెనీ తనిఖీని నాకు అప్పగించారు. అప్పుడు నేను కంపెనీల చట్టం అమలు చూసే ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంట్ రిజిస్ట్రారును. తనిఖీ అంటే పుస్తకాలు తెప్పించి చదవడం ఒక్కటే అనుకుంటారు కంపెనీ చట్టం చదివే విద్యార్థులు. ఎవరినైనా పిలిచి, ప్రమాణం చేయించి, వాంగ్మూలం తీసుకునే అధికారం కూడా తనిఖీ అధికారికి ఉంటుంది. ఈ కేసులో నాకు పనికొచ్చింది అదే.

ఫిర్యాదు చేసింది ఒక చిన్న వాటాదారు. కంపెనీకి ఉన్న ఒకే ఒక్క ఆస్తి కాల్హేర్‌లోని గోదాము. కంపెనీ నడిపే సేఠ్ దాన్ని తన కొడుకు పేరిట రాయించాడని ఆరోపణ. అందుకు బోర్డు తీర్మానం కావాలి. తీర్మానం చెల్లాలంటే కోరం ఉండాలి, అంటే చట్టం చెప్పినంతమంది డైరెక్టర్లు హాజరు కావాలి. ఈ కంపెనీకి ఉన్నదే ఇద్దరు కనుక ఇద్దరూ కూర్చోవలసిందే. ఒకడు సేఠ్. రెండోవాడి పేరు ఏసుదాసు.

సమావేశంలో జరిగిందంతా నమోదు చేసే మినిట్స్ పుస్తకంలో లోపం కనబడలేదు. హాజరు పట్టీలో ఏసుదాసు తెలుగు సంతకం అసలుదే. అలాంటప్పుడు అతన్ని కూడా మోసంలో భాగస్వామిగా చూపి నివేదిక రాయాలి. మోసానికి ఆ చట్టంలో జైలుశిక్ష ఉంది.

నాకు సందేహం కలిగించింది అతని చిరునామా. కాశేలిలో ఏసీ ఆఫీసున్న కంపెనీకి డైరెక్టరు, పవర్‌లూమ్ బస్తీలో ఒంటిగది. నేను భివండి రోడ్ స్టేషన్లో దిగి, ఆటోలో, సమన్లు స్వయంగా పట్టుకుని వెళ్లాను.

ఏసుదాసుది కరీంనగర్ దిక్కు. పాతికేళ్లుగా లూమ్ కార్మికుడు. భార్య రూతమ్మ. నేను వచ్చిన పని చెప్పగానే ఆమె నవ్వింది.

"డైరెక్టరా? గ్యాస్ బండకు నంబరు పెట్టరాదు సార్ ఈయనకు. ఏందయ్యా, ఇంత పెద్ద నౌకరీ నాకు చెప్పకుండ జేస్తున్నవా?"

ఏసుదాసు నవ్వలేదు. మూడేళ్ల కింద సేఠ్ కార్ఖానాలో పనిచేసేటప్పుడు, కార్మికుల కార్డు ఇప్పిస్తానని ఆధార్, పాన్ తీసుకున్నారట. ఫోను ముందు నిలబెట్టి పేరు చెప్పించారట. డిజిటల్ సంతకం జారీకి జరిగే వీడియో పరిశీలన అదేనని అతనికి తెలియదు. ఆ తర్వాత ఒక రిజిస్టరు తెచ్చి, ఖాళీ పేజీల్లో వరుసగా సంతకాలు పెట్టించుకున్నారు.

"ఏం రాయని కాయితం మీద ఎట్ల పెట్టినవ్?" అని రూతమ్మ.

"సేఠ్ నిలబడి పెట్టుమంటే ఎట్ల కాదంట?"

నేను అతన్ని తప్పు పట్టలేకపోయాను. మా తాతగారు అయిదు ఊళ్లకు పెద్ద. ఒక గుమస్తాను నమ్మి ఖాళీ స్టాంపు కాగితాల మీద సంతకాలు చేశారు. భూములన్నీ పోయి మా ఇంటికి మిగిలింది ఇంటిపేరు. చదువుకున్న మా తాత చేసిన పనికి ఈ మనిషిని తెలివితక్కువవాడని నేను అనను.

అయితే జాలి సాక్ష్యం కాదు. పట్టీ తీసి సమావేశం తేదీ, సమయం చదివాను. ఏప్రిల్ నెల, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు. భివండిలో శుక్రవారం లూమ్స్ బంద్. కార్మికుడు పనిలో ఉన్నట్టు ఏ కార్ఖానా హాజరూ అడ్డు రాని రోజని లెక్క వేసి తేదీ ఎంచుకున్నారు.

"ఆగుండ్రి సార్," అంది రూతమ్మ. "గది గుడ్ ఫ్రైడే గదా! ఆ దినం చర్చిల ఈయన అయిదో మాట చెప్పిండు."

గుడ్ ఫ్రైడే నాడు తెలుగు చర్చిల్లో పన్నెండు నుంచి మూడు వరకు శిలువ మీది ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. ఒక్కో మాట మీద ఒక్కొక్కరు మాట్లాడతారు. ఏసుదాసు పేరు అచ్చు కరపత్రంలో ఉంది. ఫోనులో వీడియో ఉంది.

"పావుగంట ఇస్తే ముప్పావుగంట చెప్పిండు," అంది ఆమె. "ఆరో మాటాయన ఇప్పటికీ మాతోని మాట్లాడ్తలేడు."

పాస్టరు వాంగ్మూలం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే ధ్రువపత్రం తీసుకున్నాను. ఆ తర్వాతే సేఠ్‌ను పిలిచాను. అతనికో దారి మిగిలి ఉంది. వీడియో కాల్ ద్వారా హాజరైన డైరెక్టరు కూడా కోరానికి లెక్క వస్తాడు. ముందు ఆ తలుపు మూయాలి. కనుక వీడియో మాట ఎత్తకుండా, ఏసుదాసు ఎక్కడ కూర్చున్నాడని మాత్రం అడిగాను.

"ఏక్‌దమ్ మేరే సామ్నే," అన్నాడు సేఠ్. సరిగ్గా తన ఎదురుగానట. టీ తాగాడట. రెండు గంటలదాకా కుర్చీ దిగలేదట. తీర్మానాన్ని అతనే బలపరిచాడట. పక్కన న్యాయవాది తల ఊపుతున్నాడు. ప్రతి మాటా రాయించి, చదివి వినిపించి, పేజీ పేజీకీ సంతకం తీసుకున్నాను.

ఆ తర్వాత కరపత్రం బల్ల మీద పెట్టి, వీడియో నడిపించాను. అందులో ఏసుదాసు చెయ్యెత్తి ప్రసంగిస్తున్నాడు. వెనక గోడ గడియారం ఒంటిగంటన్నర చూపిస్తోంది. న్యాయవాది తల ఊపడం ఆపి, నీళ్లడిగాడు.

గోదాము బదలాయింపును ట్రిబ్యునల్ రద్దు చేసింది. అబద్ధపు పత్రాలకు, ప్రమాణం మీద చెప్పిన అబద్ధానికి సేఠ్ మీద అభియోగాలు నమోదయ్యాయి. ఏసుదాసు పేరు డైరెక్టర్ల జాబితా నుంచి పోయి, ప్రాసిక్యూషన్ సాక్షుల్లో మొదటిదైంది. నా ఉద్యోగంలో అంత తృప్తిగా మూసిన ఫైలు ఇంకొకటి లేదు.

ఉత్తర్వు ప్రతి తీసుకోవడానికి అతను భార్యతో మా ఆఫీసుకు వచ్చాడు. రసీదు ముందుకు జరిపి సంతకం చేయమన్నాను. కలం పట్టుకుని పై నుంచి కిందిదాకా చదివాడు.

"తారీఖు ఖాళీగ ఉంది సార్. మీరు రాస్తే పెడ్త."

తేదీ తర్వాత వేద్దామని వదిలింది నేనే. నా కుర్చీ ఎదుట నిలబడి అలా అడిగినవాళ్లు అంతకుముందు లేరు. తేదీ వేశాను. అతను సంతకం చేసి, కింద మిగిలిన ఖాళీకి అడ్డంగా ఒక గీత గీసి, కాగితం తిరిగి ఇచ్చాడు.

మినిట్స్‌ను చట్టం సాక్ష్యంగా స్వీకరిస్తుంది. అందుకే వాటిని నమ్మే ముందు, ఆ రోజు ఆ వేళకు ఆ మనిషికి వేరే ఎక్కడ ఉండవలసిన పని ఉందో అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో దొరకదు. అతని ఇంటికి వెళ్లాలి.