ముందుగారి సెట్టింగులు

ఆ ఆఫీసులో ఎవరి చేతికైనా కొత్త భవనం వస్తే ముందు గోడలు లేపేవారు. ఆయన మాత్రం ముందు సెట్టింగులు తెరిచేవారు. అరగంట పట్టనీ, అరపూట పట్టనీ, ఆ పేజీలో ఉన్న ప్రతి గడినీ తడిమి చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ ఒకసారి చూసుకుంటేగానీ మొదటి గోడ జోలికి పోయేవారు కాదు. "పని ఎక్కడికీ పోదు. ముందు సెట్టింగులు చూద్దాం" అన్న మాట ఆయన నోట రోజుకు ఇరవైసార్లయినా వినిపించేది. దాంతో తల్లిదండ్రులు పెట్టిన పేరు హాజరుపట్టీకే పరిమితమైపోయి, ఆఫీసులో ఆయన ముందుగారయ్యారు.

అది భవనాలకు నమూనాలు గీసే ఆఫీసు. కట్టబోయే భవనాన్ని కట్టకముందే తెర మీద నిలబెట్టి, చూసేవాణ్ణి అందులోకి తీసుకెళ్ళి గది గదీ తిప్పి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి వాళ్ళు వాడేవారు. మౌస్ కదిపితే తల తిప్పినట్టు, మీట నొక్కితే అడుగు వేసినట్టు ఉంటుంది. పొద్దుటి ఎండ కావాలంటే పొద్దుటి ఎండ, వాన కావాలంటే వాన. అందులో జనరల్ అని ఒక పేజీ. కొలతలు మీటర్లలోనా అడుగుల్లోనా, అక్షరాలు ఎంత లావు ఉండాలి, ఎన్ని నిమిషాలకొకసారి పని దానంతటదే సేవ్ కావాలి, మౌస్ ఎంత చురుగ్గా కదలాలి, ఇలాంటివన్నీ అక్కడుంటాయి. మామూలు మనుషులు ఆ పేజీని సాఫ్ట్‌వేర్ వేయించుకున్న రోజు ఒకసారి చూసి మరిచిపోతారు. ముందుగారు రోజూ పొద్దున పేపరు చదివినంత శ్రద్ధగా చదివేవారు, నిన్నటికీ ఇవాళ్టికీ అందులో వార్తలు మారినట్టు.

తన మెషీనుతో ఆగిపోతే ఎవరికీ పేచీ లేదు. ఆయన అందరి మెషీన్లూ చూసేవారు.

ఆయన ధర్మమా అని బాధ పడ్డవాళ్ళలో మొదట చెప్పుకోవలసింది కొత్తమ్మాయిని. ఆర్కిటెక్టుగా చేరి మూడేళ్ళయినా, తర్వాత ఇంకెవరూ చేరకపోవడంతో ఆమె కొత్తమ్మాయిగానే ఉండిపోయింది. చేరిన మొదటివారం ఒకరోజు టీ తాగి వచ్చి కూర్చుని, తెర మీది వంటగదిలో గట్టును చూద్దామని మౌస్ కిందికి లాగితే, చూపు తిన్నగా పోయి పైకప్పుకు అతుక్కుంది. ఇంకాస్త లాగింది. ఇంకాస్త పైకి పోయింది.

"సార్, నా మౌస్ తలకిందులైంది!"

"తలకిందులు కాలేదమ్మా, నేనే మార్చాను" అన్నారు ముందుగారు శాంతంగా. "విమానాలు నడిపేవాళ్ళకు ఇలాగే ఉంటుంది. ఒకసారి అలవాటైతే వదల్లేవు."

"నేను విమానం నడపడం లేదు సార్. వంటగది చూపిస్తున్నాను."

ఆయన కాసేపు ఆలోచించారు. "అదీ నిజమే" అని, ఎంతో గౌరవంగా వంగి, మళ్ళీ మామూలుగా పెట్టి వెళ్ళిపోయారు. మర్నాటికి ఆమె తెర మీద అక్షరాలు గోడ మీద ప్రకటనలంత అయ్యాయి.

స్తంభాలూ దూలాల లెక్కలు చూసే ఇంజనీరుగారి కథ ఇంకా ఘోరం. ఆయన ఒక ఉదయం తన మెషీను తెరిచి, పడగ్గది ఎత్తు పది అని కనిపించగానే కుర్చీలోంచి లేచిపోయారు.

"పదేమిటయ్యా పది! పడగ్గదా, రైల్వేస్టేషనా? ఏ స్తంభం మోస్తుంది దీన్ని?"

"అడుగులండీ" అన్నారు ముందుగారు వెనకనుంచి. "నిన్నటిదాకా మీటర్లు. ఇవాళ్టినుంచి అడుగులు."

"ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు. రెండూ తెలిసి ఉంటే మంచిదని."

ఇంజనీరుగారు ఆ పూట అన్నం తినలేదు. అలిగారో, ఆకలి చచ్చిందో ఎవరికీ తెలియదు.

అన్నిటికన్నా సేవ్ కష్టం పెద్దది. గంటకోసారి జరగవలసిన సేవ్‌ను ఆయన అందరికీ మూడు నిమిషాలకోసారి పెట్టారు. సేవ్ అయ్యేంతసేపు తెర బిగుసుకుపోతుంది. మూడు నిమిషాలకోసారి ఆఫీసు మొత్తం చేతులు ఒళ్ళో పెట్టుకుని మౌనం పాటించేది. సంతాపసభ అనుకుని బయటివాళ్ళు ఒకసారి చెప్పులు విడిచి లోపలికి వచ్చారని రిసెప్షన్‌లో అక్క ఒట్టేసి చెబుతుంది.

ముందుగారి ఈ గుణం మెషీన్లకే ఆగలేదు. కొత్త కుర్చీ వస్తే దాని కింద పడుకుని మీటలన్నీ చదివేవారు. లిఫ్టులో ఎక్కితే పలక మీది సూచనలు ఆఖరి వరస దాకా చదవందే మీట నొక్కనిచ్చేవారు కాదు. లోపలున్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. ఆరోగ్యానికి మంచిదేనని సరిపెట్టుకున్నారు.

ఇన్ని జరిగినా పెద్దాయన ఆయన్ని ఏమీ అనేవారు కాదు. పెద్దాయన అంటే ఆ ఆఫీసు పెట్టినవారు. డెబ్భై దాటినా నిటారుగా నడిచేవారు. కుడిచేతిలో ఎప్పుడూ చుట్టచుట్టిన డ్రాయింగు ఒకటి గట్టిగా పట్టుకుని తిరిగేవారు. ఆయనకొక పట్టుదల ఉంది. కట్టించుకునేవాళ్ళు వచ్చినప్పుడు తెర మీద భవనాన్ని ఆయనే స్వయంగా తిప్పి చూపించాలి. "గీసినవాడే చూపించాలి. వంట ఒకరు చేసి వడ్డన ఇంకొకరు చేస్తే రుచి చెడుతుంది" అనేవారు. అలాంటి రోజుల్లో ముందుగారు మీటింగు గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, అక్కడున్న పెద్ద మెషీనుతో పది నిమిషాలు గడిపి వచ్చేవారు. లోపల ఏం చేస్తారని ఎవరూ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

ఆ ఏడాది ఊరి గ్రంథాలయానికి కొత్త భవనం కట్టాలనుకున్నారు. మూడు ఆఫీసులు పోటీపడ్డాయి. ఎనిమిది నెలలు అందరూ దాని మీదే పనిచేశారు. అందులో పిల్లలు చదువుకునే గది మొత్తం కొత్తమ్మాయి గీసింది. నేలమీద కూర్చున్న పిల్లకు కూడా చెట్టు కనిపించేంత కిందికి దించిన కిటికీ, దాని పక్కన ఇద్దరు ఇరుక్కుని కూర్చునేంత గూడు. తను ఒక్కతే గీసిన మొదటి గది అది. దాన్ని తలుచుకుని ఆమెకు రెండు రాత్రులు నిద్ర లేదు.

కమిటీ వచ్చే రోజు తొమ్మిదిన్నరకు ఆమె మీటింగు గదిలోకి వెళ్ళి ఆఖరిసారి చూసుకుందామని మౌస్ పట్టుకుంది. తేనెలో ఈదుతున్నట్టుంది. చెయ్యి ఇంత కదిపితే చూపు ఇసుమంత కదులుతోంది, అదీ ఆలోచించి ఆలోచించి. జనరల్ పేజీ తెరిచి చూస్తే మౌస్ చురుకు అడుగంటా దించి ఉంది. కదలికను మెత్తబరిచే గడి పైదాకా పెంచి ఉంది.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ఇవాళ కూడానా! ఈ రోజు కూడా వదల్లేదా!" అనుకుంది. ముందుగారు కమిటీ వాళ్ళను తీసుకురావడానికి కిందికి వెళ్ళి ఉన్నారు. ఆ పేజీ కింద, అన్నిటినీ మొదట్లో ఎలా ఉండేవో అలా చేసే మీట ఒకటుంది. మూడేళ్ళుగా ఆ మీట మీద మనసున్న ఆమె, ఒక్కసారి గట్టిగా నొక్కింది. మౌస్ పిట్టలా ఎగిరింది. తృప్తిగా ఊపిరి పీల్చుకుని వచ్చి గోడ పక్కన కూర్చుంది.

కమిటీలో ఐదుగురు. వాళ్ళ అధ్యక్షురాలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైనావిడ, ఎవరైనా మాట్లాడుతుంటే తప్పులు దిద్దుతున్నట్టే వింటుంది. పెద్దాయన అందరికీ నమస్కారం పెట్టి, చేతిలో డ్రాయింగు బల్లమీద పెట్టి, మౌస్ పట్టుకున్నారు.

గ్రంథాలయం వణికింది.

గుమ్మం పైకి లేచి కింద పడింది. మెట్లు ఎడమకు పోయి కుడికి వచ్చాయి. పైకప్పు, నేల, పైకప్పు, నేల. కమిటీలో ఒకాయన బల్ల అంచు పట్టుకుని, "భూకంపానికి తట్టుకుంటుందని చూపిస్తున్నారా?" అని నిజంగానే అడిగాడు.

కొత్తమ్మాయి తెర మీదినుంచి కళ్ళు దించి మౌస్ వైపు చూసింది. పెద్దాయన చెయ్యి వణుకుతోంది. గాలికి రెపరెపలాడే కాగితంలా, ఆయన ప్రమేయం లేకుండా, ఆగకుండా వణుకుతోంది. మూడేళ్ళలో ఆయన ఇలా చూపించేటప్పుడు ఆమె ఎప్పుడూ లోపల కూర్చోలేదు, ఆ చెయ్యి డ్రాయింగు లేకుండా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. తను నొక్కిన మీట ఏమిటో ఇప్పుడు తెలిసింది.

పెద్దాయన మౌస్ వదిలేసి చెయ్యి ఒళ్ళోకి తీసుకున్నారు. మొహంలో ఏమీ లేదు.

"క్షమించాలి" అంటూ ముందుగారు లేచారు. "తప్పు నాది. నాకు సెట్టింగుల పిచ్చి ఉందండీ. ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. పొద్దున ఏదో కెలికి మరిచిపోయాను. ఒక్క నిమిషం."

"నిజమేనండీ" అన్నారు ఇంజనీరుగారు, ఎంతో కాలంగా చెప్పాలనుకున్నది చెప్పే అవకాశం దొరికి. "నా పడగ్గదిని రైల్వేస్టేషన్ చేశాడు."

కమిటీ నవ్వింది. ఆ నవ్వు చాటున ముందుగారు జనరల్ పేజీ తెరిచి, రెండు గడులు సవరించి, మౌస్‌ను పెద్దాయన ముందుకు జరిపి, వెళ్ళి తన చోట కూర్చున్నారు. కొత్తమ్మాయి వైపు కన్నెత్తి చూడలేదు.

పెద్దాయన మళ్ళీ పట్టుకున్నారు. ఈసారి గుమ్మం కదలకుండా నిలబడింది. మెల్లగా తెరుచుకుంది. చూపు మెట్ల మీదుగా, అరల మధ్యగా, పెద్దమనిషి నడిచినట్టు నడిచి, పిల్లల గదిలోకి వెళ్ళి, ఆ కిటికీ దగ్గర ఆగింది. బయట చెట్టు ఉంది, దాని మీద పొద్దుటి ఎండ ఉంది.

"ఎంత నిదానంగా తిప్పారండీ!" అంది అధ్యక్షురాలు. "మొన్న ఇంకో చోట చూపిస్తే నాకు కళ్ళు తిరిగి మజ్జిగ తాగాల్సొచ్చింది. ఇక్కడ నేను నిజంగా లోపలికి వెళ్ళొచ్చాను. ఈ కిటికీ ఎవరు గీశారు?"

కొత్తమ్మాయి లేచి నిలబడింది. ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు.

సాయంత్రం అందరూ సర్దుకుంటుంటే ఆమె ముందుగారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలుచుంది.

"సార్, ఆ మీట నొక్కింది నేనే."

"తెలుసమ్మా. అది నొక్కే తెగింపు ఈ ఆఫీసులో నీకొక్కదానికే ఉంది."

"ఎప్పటినుంచి సార్, ఆయన చెయ్యి?"

"నాలుగేళ్ళు. మొదట్లో కాస్తే ఉండేది. నెల నెలా మౌస్ చురుకును ఒక గీత దించుతూ వచ్చాను."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే అందరూ జాలిపడి, ఇక మీరు కూర్చోండి, మేం చూపిస్తాం అంటారు. ఆయన కూర్చుంటారు. ఒకసారి కూర్చుంటే ఇక లేవరు."

కొత్తమ్మాయి పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత అసలు అనుమానం బయటపెట్టింది. "మరి నా మౌస్ ఎందుకు తిప్పేశారు సార్? ఇంజనీరుగారి అడుగులెందుకు?"

ముందుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అదివరకు నా మెషీను ఒక్కటే చూసుకునేవాణ్ణమ్మా. ఒక్క ఆయన మెషీనే ముట్టుకుంటే ఎందుకని అడుగుతారు. అందరివీ ముట్టుకుంటే నాకు పిచ్చి అనుకుంటారు. ఏది నయం?"

"నాలుగేళ్ళూ నటించారా సార్?"

"సగమే" అన్నారాయన నిజాయితీగా. "మిగతా సగం నాకు నిజంగానే ఇష్టం."

వారం తిరక్కుండా గ్రంథాలయం పని వాళ్ళకే వచ్చినట్టు ఉత్తరం వచ్చింది. ఆఫీసంతా గోలగోలగా ఉండగా పెద్దాయన కొత్తమ్మాయిని తన గదిలోకి పిలిచారు. గదంటే గది కాదు, ప్లైవుడ్ అడ్డు. అవతలివైపే ముందుగారి కుర్చీ.

"కూర్చోమ్మా" అని గొంతు తగ్గించారు. "ఆ రోజు మౌస్ మార్చింది నువ్వే కదూ?"

ఆమె తల వంచుకుంది. "తెలియక చేశాను సార్."

"తెలియకే అని నాకు తెలుసు. ఇంట్లో నా మనవరాలి కంప్యూటరుంది. దాని ముందు కూర్చుంటే తెర మీద బాణం కప్పలా ఎగురుతుంది. ఇక్కడికొస్తే బండరాయి. నాలుగేళ్ళుగా ఆఫీసులో మాత్రమే తగ్గిపోయే జబ్బు ఏ డాక్టరూ చూసి ఉండడు. నేనంత అమాయకుణ్ణా?"

"మీకు తెలుసని ఆయనకు..."

"ష్!" పెద్దాయన ప్లైవుడ్ వైపు చూపించారు. "తెలిస్తే మొహమాటపడి మానేస్తాడు. నా మౌస్ గతేం కావాలి? ఇంజనీరు రెండుసార్లు ఫిర్యాదు రాసిచ్చాడు. వాణ్ణి అలా వదిలెయ్, అన్నాను. నువ్వు కూడా ఏమీ చూడలేదు, ఏమీ వినలేదు."

"సరే సార్."

"పిల్లల గదిలో ఆ కిటికీ ఇంకో జానెడు కిందికి దించు. వెళ్ళు."

ఆమె బయటికి వచ్చేసరికి ముందుగారు ఆదుర్దాగా లేచారు. "ఏమన్నారమ్మా? చెయ్యి సంగతి ఏమైనా..."

"కిటికీ జానెడు దించమన్నారు సార్."

"అంతేనా?"

"అంతే."

"హమ్మయ్య. ఆయనకు అనుమానం రాలేదు" అని గుండెమీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు ముందుగారు.

కొత్తమ్మాయి తన చోటికి వెళ్ళి కిటికీని పట్టుకుని కిందికి లాగడం మొదలుపెట్టింది. లాగుతూ లాగుతూ ఉండగా లోపలినుంచి నవ్వు తన్నుకొచ్చి, పెదవులు బిగబట్టినా ఆగక, బల్లమీద తల వాల్చేసింది. అటుగా పోతున్న రిసెప్షన్ అక్క ఆగింది.

"ఏమైందే నీకు?"

"ఏం లేదక్కా" అంది కొత్తమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. "ఈ కిటికీ భలే కుదిరింది."