ఎండిన నోరు

నా చిన్నప్పుడు మా వైపు ఏ వస్తువు పోయినా పోలీసుల కంటే ముందు బియ్యం వచ్చేవి. వాటికి పసుపు కలిపి, ఏవో మాటలు గొణిగి, అనుమానం ఉన్నవాళ్ల నోట్లో గుప్పెడు పోసి నమలమనేవారు. నమిలింది విస్తరాకులో ఉమ్మాలి. తడిసి ముద్దగా పడితే మంచి మనిషి. పిండిలా పొడిగా రాలితే దొంగ. అంత సులువైన న్యాయస్థానాన్ని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. సాక్షి అక్కర్లేదు, ప్రశ్న అక్కర్లేదు. పిడికెడు బియ్యం, భయపడే నోరు ఉంటే చాలు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా హైస్కూల్లో ఒక వెండి కప్పు పోయింది. ఆటల పోటీల్లో మా బడికి వచ్చిన కప్పు అది, ఆఫీసు గదిలో బీరువా మీద ఉండేది. ముందురోజు సాయంత్రం ఆ గదిని ముగ్గురు ఆడపిల్లలం ఊడ్చాం. మా ఇంట్లో గొర్రెల మంద ఉండేది. మిగతా ఇద్దరివీ చర్చికి పోయే కూలి కుటుంబాలు. గది తాళంచెవి గుమాస్తా దగ్గర ఉండేది. అయినా గుమాస్తా నోట్లో బియ్యం పోయాలని ఎవరికీ తోచలేదు. చీపురు ఎవరి చేతిలో ఉంటే అనుమానం వాళ్ల మీదికే పోయింది. బడి కమిటీ పెద్దాయన బియ్యం పోసే మనిషిని జమ్మలమడుగు నుంచి పిలిపించాడు. మరుసటి రోజు సాయంత్రం, ఇంటి గంట కొట్టాక, బడి ముందరే కార్యక్రమమని చెప్పారు.

ఆ రాత్రి మా నాయన అన్నం ముందు కూర్చుని, నా మొహం చూడకుండా ఒకే మాట అన్నాడు. "బియ్యం పొడిగా పడితే రేపట్నుంచి గొర్రెల ఎమ్మట పో పాపా. బడి మాట ఎత్తాకు." నాయన చెడ్డవాడు కాదు. ఆ బియ్యాన్ని నమ్మాడు, అంతే. నేను తీయలేదని నాకు తెలుసు. కానీ నా నోరు అప్పటికే ఎండిపోయి ఉంది.

తెల్లవారి బడికి వెళ్లేసరికి హెడ్మాస్టరు గదిలోంచి మా సైన్సు సారు గొంతు వినిపించింది. ఇది బడి అని, పిల్లల చేత ఈ పని చేయించకూడదని ఆయన గట్టిగానే చెబుతున్నాడు. హెడ్మాస్టరు మెత్తని మనిషి. పెద్దాయన మాట కాదంటే తాను ఇక్కడ ఉండలేనని మెల్లగా అన్నాడు. కాసేపటికి సైన్సు సారు బయటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి ఉన్న మా ముగ్గురి వైపు చూసి, చాక్‌పీసులు తీసుకుని ఆరో తరగతికి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా నేను పాఠం వినలేదు, ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. మాకు దిక్కుగా కనిపించిన మనిషి ఆయనొక్కడే. ఆరో తరగతిలో బొమ్మలు గీసి చెరిపాడు. మా తరగతికి వచ్చి హాజరు వేసి, నీరు ఆవిరయ్యే పాఠం చెప్పాడు. తొమ్మిదికి వెళ్లాడు. లెక్కల సారు సెలవులో ఉంటే ఆ పీరియడ్ కూడా ఈయనే తీసుకున్నాడు. మధ్యాహ్నం కాపీ పుస్తకాలు దిద్దుతూనే అన్నం తిన్నాడు. ఎండకు వరండా కాలిపోతోంది. ఆయన చొక్కా చేతులు చాక్ పొడితో తెల్లబడ్డాయి, గొంతు బొంగురుపోయింది. నా బెంచీకి ఎదురుగా వరండాలో నీళ్ల కుండ ఉండేది. ప్రతి గంటకూ దాని పక్కనుంచే నడిచాడు. ఒక్కసారి కూడా గ్లాసు ముంచలేదు. నేనేమో సందు దొరికితే చాలు వెళ్లి తాగుతున్నాను. వెనక బెంచీ మగపిల్లలు గొర్రెల్లా అరిచి నవ్వారు. "ఎంత తడుపుకున్యా ఎండేది ఎండుతాది మే" అన్నాడు ఒకడు.

సాయంత్రం బడి ముందు బల్ల వేశారు. పెద్దాయన, హెడ్మాస్టరు కుర్చీల్లో కూర్చున్నారు. ఊరివాళ్లు చుట్టూ మూగారు. నాయన భుజాన గొంగడితో అందరికంటే వెనక నిలబడ్డాడు. విస్తరాకులు మూడు పరిచారు. మొదట నా పేరు పిలిచారు. అప్పుడు సైన్సు సారు నాకంటే ముందు వెళ్లి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"నాకు పొయ్యప్పా మొదట" అన్నాడు.

బియ్యం పోసే మనిషి తెల్లబోయాడు. పెద్దాయన కుర్చీలోంచే, "మీకేంది సార్, మిమ్మల్ని ఎవురన్నా అన్న్యారా?" అన్నాడు.

"ఈ పిల్లోళ్లు తీస్తాంటే ఎవురన్నా చూసినారా? గదిలోకి పోయినారనే గదా పిలిచింది. మొన్న రిజిస్టరు పెట్టను నేనూ పోయినా."

పెద్దాయన పోయమని తలాడించాడు. బియ్యం పోశారు. సారు చాలాసేపు నమిలాడు. ఆకులోకి వంగి ఉమ్మాడు. తెల్లటి పిండి పొడిపొడిగా రాలింది.

ఎవరో ఇంకోసారి పోయమన్నారు. సారు వద్దని చేయి ఊపాడు. "పొడిగానే పడింది గదా. నేను దొంగనని మీలో ఎవురన్నా అనండి, ఒప్పుకుంటా. అనలేకపోతే ఈ బియ్యం అబద్ధం. ఏదో ఒకటి తొందరగా చెప్పండి, పిల్లోళ్లు ఇండ్లకు పోవల్ల."

ఎవరూ అనలేదు. ఆ ఊళ్లో సగం మంది పిల్లలకు ఆయన పాఠాలు చెప్పాడు. పెద్దాయన కండువా దులుపుకుని లేచి వెళ్లిపోయాడు. మిగిలిన రెండు ఆకులూ అలాగే ఖాళీగా ఉండిపోయాయి. మరుసటి పొద్దున నాయన గుంజకు తగిలించి ఉన్న నా పుస్తకాల సంచి తీసి నా చేతికిచ్చాడు.

కప్పు ఎవరు తీశారో ఈనాటికీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం చాలామందికి కష్టం. తెలియని చోట ఎవరో ఒక పేదవాణ్ణి నిలబెడితే మనసు కుదుటపడుతుంది. ఆ యేడు తిరగకముందే సైన్సు సారును పులివెందుల వైపు బదిలీ చేశారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ అడగనివాళ్లలో మా నాయనా ఉన్నాడు, నేనూ ఉన్నాను.

నేను కూడా టీచరునయ్యాక, రిటైరై ప్రొద్దుటూరులో ఉంటున్న ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లాను. అన్నేళ్లూ నేను మోసుకు తిరిగిన నమ్మకం ఒకటుంది. ఆ రోజు ఆయన బియ్యం పొడిగా పడాలని కావాలనే దాహం తీర్చుకోలేదని, కుండ ముట్టకపోవడం ఒక యుక్తి అని నేను మా విద్యార్థులకు కూడా కథలా చెప్పాను. అదే మాట ఆయనతో అన్నాను. ఆయన చాలాసేపు నవ్వాడు.

"ఆ కుండలో నీళ్లు ఉప్పన గదమ్మా, నేనెప్పుడూ తాగింది లేదు. ఇంటికాణ్ణించి సీసాలో తెచ్చుకుంటాంటి. బల్లకాడికి వచ్చే ముందర కూడా తాగినా."

మరి ముద్దగా పడి ఉంటే ఏం చేసేవారని అడిగాను. గుమాస్తాకు పోయమనేవాణ్ణి, హెడ్మాస్టరుకు పోయమనేవాణ్ణి, పెద్దాయనకూ పోయమనేవాణ్ణి, ఎవరిదో ఒకరిది ఎండకపోదనుకున్నానని చెప్పాడు. తర్వాత నవ్వు ఆపి, కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

"మొదట నాదే ఎండింది. అంతమంది ముందర నిలబడేతలికి నాకూ శానా భయమైందమ్మా."

నేను తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ మాటే నా పక్కన కూర్చుంది. యుక్తి అనుకున్నది యుక్తి కాదు. నిజంగా భయపడిన మనిషి, ఆ భయాన్ని అందరి ముందూ ఆకులో ఉమ్మి చూపించాడు.

ఇప్పుడు బియ్యం పోసేవాళ్లు తగ్గారు. కానీ ఆ న్యాయస్థానం మూతపడలేదు. పనిమనిషి తడబడితే దొంగ అంటారు. కెమెరా ముందు కూలివాడి గొంతు వణికితే, చూశారా, వాడే అంటారు. అలాంటి చోట నేను లేచి నిలబడతాను. డెబ్బై దాటినా, లేచిన ప్రతిసారీ నా నోరు ఎండుతుంది. నీళ్ల కోసం చూడను. ఆ ఎండిన నోటితోనే మాట్లాడతాను.