మేస్త్రీ గారి అద్దం

సత్తెనపల్లి దగ్గర ఒక పత్తిగింజల నూనె మిల్లు. దాని బాయిలర్ పొయ్యికి లోపలి లైనింగ్ నేనే డిజైన్ చేశాను. అక్కడ పత్తికట్టె, మిరపకట్టె మండిస్తారు. ఆ బూడిద మామూలు ఇటుకను తినేస్తుంది. అందుకని వేడికి నిలిచే కాంక్రీటు వేయించాను. డ్రాయింగ్ నాది, పనితనం మేస్త్రీ గారిది. పదేళ్లుగా నా పనులన్నీ చేసిన మనిషి. నన్ను "అమ్మా" అనేవారు.

కొత్త లైనింగ్‌ను మూడు రోజులు సన్నసెగ మీద ఆరబెట్టాలి. తొందరపడి మంట పెంచితే లోపలి తడి ఆవిరై కాంక్రీటును పగలగొట్టేస్తుంది. గంటగంటకూ ఎంత వేడి ఉండాలో నేను కాగితం మీద రాస్తాను. మేస్త్రీ గారు మాత్రం గడ్డం గీసుకునే అద్దాన్ని ఆవిరి పోయే కన్నం దగ్గర పెట్టి చూస్తారు. మసకబారితే ఇంకా తడి ఉన్నట్టు.

రెండో రోజు సాయంత్రం యజమాని వచ్చారు.

"రేపు పొద్దున ఏడింటికి ముహూర్తం అండి. అది దాటితే నెల దాకా లేదంట. అప్పటికి మిల్లులోకి ఆవిరి రావాల్సిందే."

మేస్త్రీ గారు అద్దం పెట్టి నాకు చూపించారు. అందులో నా మొహం కూడా కనబడలేదు.

"ఇంకా తడుందమ్మా. ఒక్క రోజు ఆగమని మీరు చెప్పండి."

ముహూర్తాల మీద నాకు నమ్మకం లేదు. ఆ సంగతి యజమాని ముందు అనే ధైర్యం అసలే లేదు. ఆయన బంధువుల మిల్లుల పనులు కూడా నాకే వస్తాయని ఆశ. "పరవాలేదు, మంట పెంచుకోండి" అన్నాను.

తెల్లవారుజామునే కొబ్బరికాయ కొట్టి, పొయ్యి నిండా కట్టె తోశారు. గంట తిరగకముందే లోపల పెద్ద శబ్దం. పొయ్యి లోపలి కప్పు పెళ్లలు పెళ్లలుగా ఊడిపడింది. ఎవరికీ దెబ్బ తగలకపోవడం మా అదృష్టం.

యజమాని మేస్త్రీ గారి మీద పడ్డారు. "నీళ్లెక్కువ కలిపి నాశనం చేశావు కదయ్యా. ఈ చుట్టుపక్కల ఏ మిల్లులో అడుగుపెడతావో నేనూ చూస్తా."

మేస్త్రీ గారు నా వైపు చూశారు. తప్పు నాదని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట అనకుండా, నేను రాసిన కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. అప్పుడు భయమే. సిగ్గు తర్వాత వచ్చింది, ఇంకా పోలేదు.

కొన్ని నెలలకు చీమకుర్తి వైపు ఇంకో పొయ్యి పని వచ్చింది. మేస్త్రీ గారికి ఫోన్ చేశాను. అప్పటిదాకా సత్తెనపల్లి చుట్టుపక్కల ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదట. క్షమించమని అడగాలనుకుని, పని గురించే మాట్లాడాను.

"వస్తానండి" అన్నారు. "అద్దం మసకబారితే మంట పెంచకూడదని ముందే కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి మేడం గారూ."

పదేళ్లు నా నోటిమాట మీద పనిచేసిన మనిషి. రాసి, సంతకం పెట్టి పంపాను.